గడ్డం పట్టుకుని

మార్చి 3

మామయ్యా,

నీ ఎడమ చెవికి ఫోన్ వినపడదు. కుడి చెవికి పెట్టుకుంటే తృప్తి లేక స్పీకరు వేస్తావు. వేస్తే, మెడకి గుడ్డ కట్టుకుని నీ సెలూన్ కుర్చీల్లో కూర్చున్న ముగ్గురూ వింటారు. నేను చెప్పబోయేది ఆ ముగ్గురికీ అక్కర్లేదు. అందుకని ఉత్తరం.

నేను థెరపీకి వెళ్తున్నాను. ఏడు సిట్టింగులు అయ్యాయి. గంటసేపు ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చుంటాను. బయటికొచ్చేసరికి ముక్కూ చెంపలూ కందిపోయి ఉంటాయి, మాస్కు పెట్టుకుని బస్సెక్కుతాను. పైపైన చూసుకుంటే లాభం లేదట, వేరు దాకా వెళ్ళాలట. వెళ్తుంటే మండుతుంది. కానీ పద్నాలుగో ఏటి నుంచీ మొహం మీద మోస్తున్న బరువు కొంచెం కొంచెంగా తగ్గుతోంది.

నన్ను అటు పంపింది మా ఆన్‌లైన్ గుంపు. అందరం ఆడవాళ్ళమే, అందరం రోజూ గడ్డం గీసుకునేవాళ్ళమే. అసలు పేర్లు ఎవరం చెప్పం. ఒకావిడ పేరు పటికబెల్లం. నా పేరు రెండోపూట, ఎందుకంటే నాకు మధ్యాహ్నం మళ్ళీ గీసుకోవాలి. పళ్ళసెట్లు చేసే ఈ ల్యాబులో నేను చేరింది పళ్ళ మీద ప్రేమతో కాదు, ఎనిమిది గంటలు మాస్కు తియ్యక్కర్లేదని. గుంపులో అన్నీ మాట్లాడుకుంటాం. ఏ బ్లేడు గాటు పెట్టదు, మొగుడికి చెప్పాలా వద్దా, పిల్లలు పుడితే వాళ్ళకీ వస్తుందా. మొన్న ఒకావిడ అడిగింది: నేను స్పృహ లేకుండా ఆస్పత్రిలో పడుంటే నా గడ్డం ఎవరు గీస్తారు? దాని కింద నూట నలభై మంది రాశారు. నేను ‘మా మామయ్య’ అని రాశాను.

నువ్వు నాకు గడ్డం గీసుకోవడం నేర్పిన రోజు గురించి కూడా రాశాను. సెలవు రోజు, షట్టరు సగం దించి ఉంది. అమ్మ నన్ను గుమ్మం దగ్గర వదిలేసి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. నురుగు రాయకముందే, నా మొహం వెలుతురుకి తిప్పకముందే అన్నావు, గడ్డానికి ఎడమపక్క సుడి ఉంటుంది, అన్నిచోట్లా వాలుకి గీయి, అక్కడ మాత్రం అడ్డంగా పో అని. అద్దంలో చూసుకుంటే నిజంగానే ఉంది. పనితనమంటే మా మామయ్యది అని గుంపులో గొప్పలు చెప్పుకుంటాను.

అమ్మ గురించీ రాశాను. పిల్లలకి ఏదైనా కావాలంటే అమ్మ గడ్డం పట్టుకుని బతిమాలతారు కదా. మా అమ్మ ఒక్కసారీ పట్టుకోనివ్వలేదు, చెయ్యి తోసేసేది. నా సంగతి బయటపడ్డాక నా మొహం వైపు సూటిగా చూడడమే మానేసింది. నేనంటే ఆవిడకి అసహ్యం అని రాశాను. పేరు రాయలేదులే.

ఒక్కటి నిజం చెప్పు. మీ వైపు ఆడవాళ్ళలో ఎవరికీ ఇది లేదా? ‘మీ నాన్న వైపు నుంచి వచ్చింది’ అంటుంది నాతో అమ్మ. నాన్న పోయి పద్దెనిమిదేళ్ళు, ఆయన్ని అడగడానికి లేదు.

నీ ఎలకపిల్ల

మార్చి 11

ఎలకపిల్లకి,

పెన్సిళ్ళు కొరికే రోజుల్లో పెట్టిన పేరు ఇంకా వాడుతున్నందుకు సంతోషం. ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి షాపులో, ఒకసారి ఇంట్లో. షాపులో చదివేటప్పుడు ఒకాయన మీసం ఒకవైపు కాస్త ఎక్కువే తగ్గింది. సరిచెయ్యబోయి రెండోవైపూ తగ్గించాను. ఇప్పుడాయన నన్ను చూస్తే ఎదుటి పేవ్‌మెంటు మీంచి నడుస్తున్నాడు.

థెరపీ చేయించుకుంటున్నావని చదివి నా గుండె మీద రాయి దిగిపోయింది. వాటి గురించి నాకు తెలుసులే, షాపుకి మిషన్లు అమ్మేవాళ్ళు వస్తుంటారు. వెలుతురు పెట్టి వెంట్రుకని వేరు దగ్గరే కాల్చేస్తారు, కందుతుంది, నాలుగు రోజుల్లో తగ్గుతుంది. నువ్వు రాసినట్టే చెప్పారు వాళ్ళు కూడా. కందినచోట ఎండ తగలనివ్వకు. పటిక రాయకు.

నువ్వు అడిగినదానికి జవాబు: మా వైపు ఎవరికీ లేదు. మీ అమ్మ చెప్పిందే నిజం.

అక్కకి నీ సంగతి చెప్పాను. కోప్పడకు, ఆగలేకపోయాను. భోజనం వేళ కౌంటర్ మూసి షాపుకి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా బస్ స్టేషన్లో మసక అద్దం వెనక కూర్చుని టికెట్లు కొడుతున్న మనిషి, జనానికి ఆవిడ చేతులు తప్ప ఇంకేం తెలియవు. నీ గడ్డం పోతోందని చెప్తే కుర్చీలో కూలబడి గుడ్డతో మొహం కప్పుకుని ఏడ్చింది. సంతోషంతోనే. తర్వాత ప్రశ్నలు. నొప్పి పెడుతుందా, ఎన్నాళ్ళు పడుతుంది, మళ్ళీ వస్తుందా, వయసు మళ్ళినవాళ్ళకి కూడా చేస్తారా. మీ అమ్మ ఏదైనా అంతే కదా, ఒక బస్సు వేళ అడిగితే పది బస్సుల వేళలు చెప్తుంది.

అసహ్యం అని రాశావే, ఆ మాట నాకు నచ్చలేదు. అంతకన్నా ఏమీ అనను.

మీ మామయ్య

మార్చి 18

మామయ్యా,

నీ ఉత్తరం ల్యాబులో చదివి పడీపడీ నవ్వాను. పక్క బల్ల పెద్దాయన ఉలిక్కిపడి కరిగిన మైనం వేళ్ళ మీద ఒలకబోసుకున్నాడు.

థెరపీ అంటే మిషన్ కాదు మామయ్యా, మాటలు. ఒక గది, రెండు కుర్చీలు, ఒక గడియారం. ఆవిడ అడుగుతుంది, నేను చెప్తాను, ఏడుస్తాను. మొహం కందేది అందుకు. వేరంటే వెంట్రుక వేరు కాదు, భయం వేరు. నా గడ్డం ఎక్కడికీ పోలేదు. ఈ పొద్దున గీసుకున్నాను, మధ్యాహ్నం బాత్రూమ్‌లో గడియపెట్టుకుని మళ్ళీ గీసుకున్నాను.

కానీ అమ్మ సంతోషంతో ఏడ్చిందన్న చోట నవ్వు ఆగిపోయింది. నా విషయంలో అమ్మ సంతోషించిన సందర్భం నాకు ఇంకొకటి గుర్తులేదు. ఆదివారం ఫోన్ చేసింది. ఎప్పుడూ రెండు నిమిషాల్లో పెట్టేసే మనిషి అరగంట మాట్లాడింది. మొత్తం ఎన్ని సిట్టింగులు పడతాయని అడిగింది. ఏం చెప్పాలో తోచక పది అన్నాను. పదితో పూర్తిగా పోతుందా అంది. పోతుందన్నాను. చర్మానికి ఏమీ కాదు కదా అంది. ఏమీ కాదన్నాను.

కాబట్టి నువ్వు కూడా ఏమీ అనకు. మాట్లాడుకునే థెరపీ అంటే కూతురికి మతి చెడిందనుకుంటుంది, గడ్డం పోతోందనే అనుకోనీ. మే నెలలో సెలవు పెట్టి వస్తాను. వచ్చినన్నాళ్ళూ గదిలో రోజుకి మూడుసార్లు గీసుకుంటాను, నున్నగా తిరుగుతాను. ఇన్నేళ్ళూ ఆవిడ నన్ను దాచింది, కొన్నాళ్ళు నేను దాస్తాను. నామీద ఒట్టు, చెప్పకు.

ఎలకపిల్ల

ఏప్రిల్ 20

ఎలకపిల్లకి,

నువ్వు ఒట్టు పెట్టావు కాబట్టి నోరు మూసుకున్నాను. ఈ ఇంట్లో అందరూ నాకే ఒట్లు పెడతారు.

అక్క సంగతి నాకు అంతుపట్టడం లేదు. పన్నెండు రోజులుగా డ్యూటీకి వెళ్ళడం లేదు. జ్వరం అని కాగితం పంపిందట. నేను వెళ్తే తలుపు బెత్తెడు తీసి, తలనుంచి మెడదాకా స్కార్ఫ్ చుట్టుకుని, బాగానే ఉన్నానురా వెళ్ళు అంది. ఇంత ఉక్కలో స్కార్ఫ్ ఏమిటన్నాను. పంటినొప్పి అంది. మాట కూడా ముద్దగా వస్తోంది. అసలే షుగర్ మనిషి, వేళకి తింటోందో లేదో. క్యారేజీ గుమ్మం ముందు పెట్టి వస్తున్నాను. సాయంత్రానికి కడిగి బయట పెడుతోంది కాబట్టి తింటోందనుకుంటున్నాను.

నీ ఫోన్ కూడా ఎత్తడం లేదన్నావట పక్కింటి టీచరమ్మతో. ఆ టీచరమ్మ పొద్దస్తమానం ఫోన్లో ఎవరెవరు ఏం రాసుకున్నారో చదువుతూనే ఉంటుంది. గుమ్మాల దగ్గర అవన్నీ చదివి వినిపిస్తుంది కూడా. నువ్వు ఆ గుంపులో రాసింది ఆవిడ కంటపడి మీ అమ్మకి వినిపించలేదు కదా? గడ్డం పట్టుకోనివ్వని అమ్మ, టికెట్ కౌంటర్ అని రాస్తే పేరు రాయకపోయినా తెలిసిపోతుందమ్మా.

చదివి ఉంటే, ఒక్క మాట క్షమించమని రాసెయ్యి. నీ సొమ్మేం పోదు.

మామయ్య

ఏప్రిల్ 27

మామయ్యా,

రాయను.

టికెట్ కౌంటర్ సంగతి నేను రాసిన మాట నిజం. టీచరమ్మ చదివి వినిపించి ఉంటుంది, అంతే అయుంటుంది. అమ్మ కోపం వస్తే మాట్లాడదు, తలుపేసుకుంటుంది. నాకిది కొత్త కాదు. స్కూల్లో ఒకడు నన్ను మీసాలాయన అన్నాడని ఏడుస్తూ వస్తే కూడా ఇలాగే తలుపేసుకుంది. అప్పుడు నేను చేసిన తప్పేమిటో, ఇప్పుడు చేసిన తప్పేమిటో నాకు తెలియదు.

ఇన్నేళ్ళలో నేను నిజం చెప్పింది ఒక్క ఆ గుంపులోనే. అక్కడ నాలాంటివాళ్ళు వందలమంది, ఇంట్లో నేనొక్కదాన్ని. ఆవిడ ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నా పక్కన కూర్చుని పోనీలే అమ్మా అని ఉంటే ఆ గుంపు నాకు అవసరమే లేకపోయేది. క్షమాపణ కావాలంటే నన్ను అడగమను. ఏ విషయానికో చెప్పి అడగమను.

పంటినొప్పికి లవంగం పెట్టుకోమని చెప్పు. పళ్ళసెట్ల ల్యాబు నుంచి కూతురు చెప్పిందను.

ఎలకపిల్ల

మే 9

అమ్మా ఎలకపిల్లా,

అక్కని ఆస్పత్రిలో చేర్చానని మాత్రమే ఫోన్లో చెప్పి నిన్ను రమ్మన్నాను, వచ్చావు, వచ్చిన సాయంత్రమే వెళ్ళిపోయావు. నేను ఆస్పత్రి గది తలుపు దగ్గరే ఉన్నాను. అక్క గోడవైపు తిరిగి దుప్పటి కళ్ళదాకా లాక్కోవడం చూశాను. నువ్వు నాలుగుసార్లు పిలిచావు. తర్వాత, “నన్ను చూడ్డానికి నీకు ఇంత సిగ్గైతే ఎందుకు కన్నావు” అన్నావు. నువ్వు మెట్లు దిగేదాకా ఆవిడ కదల్లేదు. దిగాక కదిలింది. దిండు తడిసిపోయింది.

ఇప్పుడు నేను ఒక ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ముప్పై ఐదేళ్ళనాటి ఒట్టు.

మీ అమ్మకీ ఉంది. పదిహేడో ఏట వచ్చింది. నేను అప్పుడే పని నేర్చుకుంటున్నాను, మొదటి కత్తి నేనే ఇచ్చాను, ఎలా పట్టుకోవాలో నేనే చూపించాను. రోజూ అందరికన్నా ముందు లేచి గీసుకునేది. మీ నాన్నకి పదకొండేళ్ళలో తెలియలేదు. నీ గడ్డం మీద సుడి సంగతి నాకు చూడకుండా ఎలా తెలిసిందనుకున్నావు? పనితనం కాదమ్మా. ఆవిడ మొహం మీద అదే చోట అదే సుడి.

నీకు ఎందుకు చెప్పలేదని ఎన్నిసార్లు అడిగానో. “నాకుందని తెలిస్తే, దానికి జన్మలో పోదని ఖాయమైపోతుందిరా. వాళ్ళ నాన్న వైపు నుంచి అంటే ఎప్పటికైనా పోతుందేమోనని ఆశ ఉంటుంది” అంది. గడ్డం ఎందుకు పట్టుకోనివ్వలేదో, నీ మొహం వైపు ఎందుకు చూడలేకపోయిందో ఇప్పుడు నీకే తెలుస్తుంది.

థెరపీతో నీకు పోతోందని నేను చెప్పాను. పదితో పోతుందని నువ్వు చెప్పావు. ఆవిడ నాతో ఒక్క మాట అనకుండా చెప్పుల దుకాణం పైన వెంట్రుకలు కాల్చే మిషన్ కొత్తగా పెట్టిన చోటికి వెళ్ళింది. అక్కడున్నవాడు డాక్టరు కాదు, ఏమీ కాదు. పది సిట్టింగులు ఆగలేనని, నువ్వు మేలో వచ్చేలోపల అయిపోవాలని, రెండింట్లోనే అయ్యేలా గట్టిగా పెట్టమని అడిగిందట. వాడు పెట్టాడు. కుడిచెంప కాలింది. ఎవరికీ చూపించకుండా స్కార్ఫ్ కట్టుకుని కూర్చుంది. షుగర్ ఉన్న ఒంట్లో అది చీము పట్టి రక్తంలోకి పోయింది. పంటినొప్పి అంటే నమ్మాను. గడ్డాలు చూసి బతికేవాణ్ణి, ఆ స్కార్ఫ్ కిందకి చూడలేకపోయాను.

నిన్న మాట కొంచెం వచ్చింది. “ఇద్దరికీ పోయాక దానికి చెబ్దామనుకున్నాను. ఇద్దరం కూర్చుని నవ్వుకుందామనుకున్నాను” అంది.

నువ్వు వచ్చే ముందురోజు కత్తి తెచ్చి గీసెయ్యమని సైగలతో నన్ను బతిమాలింది. ఆ మొహం మీద ఏదీ తగలకూడదని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు, నేను గీయలేదు. ఎనిమిది రోజుల గడ్డం. గోడవైపు తిరిగింది అందుకు. టీచరమ్మ ఏమీ చదవలేదు, నేను కనుక్కున్నాను. నువ్వు రాసిన ఏ మాటా మీ అమ్మకి తెలియదు.

ఇవన్నీ ఫోన్లో చెబుదామని మూడుసార్లు తీశాను. మూడుసార్లూ పెట్టేసి కాగితం తీశాను. ఈ ఉత్తరం అందగానే బయల్దేరు.

మామయ్య

మే 24

మామయ్యా,

నీ ఉత్తరం, నీ ఫోను ఒకే రోజు వచ్చాయి. ఉత్తరం పొద్దున, ఫోను గంట తర్వాత. ఆ గంటలో నేను సంచీ సర్దుకున్నాను, అమ్మతో ఏమని మొదలుపెట్టాలా అని ఆలోచించాను, కొత్త బ్లేడ్లు కొన్నాను.

నిన్న థెరపీకి వెళ్ళాను. గంటసేపు గడియారం చూస్తూ కూర్చున్నాను. లేచేటప్పుడు ఆవిడ అడిగింది, ఈ గదిలో కాకపోతే ఇంకెవరికి చెప్పగలవని. నీకు చెప్పగలనన్నాను. అందుకని రాస్తున్నాను. ఆ రోజు అమ్మ ఉన్న గది తలుపు అవతల నువ్వే ఉన్నావు, కానీ లోపలేం జరిగిందో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

అమ్మకి ఆఖరి స్నానం చేయించడానికి ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకుని వచ్చారు. పది నిమిషాలు నన్ను ఒక్కదాన్నే వదలమన్నాను. కూతురు కదా, ఏడుస్తుందనుకుని వదిలారు. నువ్వు తలుపు సందులోంచి గోరువెచ్చని నీళ్ళగిన్నె, సబ్బు, కుంచె, నీ కత్తి అందించావు. నా బ్లేడ్లు సంచీలోనే ఉండిపోయాయి.

నురుగు కలిపాను. కుడిచెంప కట్టు జోలికి పోలేదు. పై పెదవి మీద కొన్ని నెరిశాయి. నావి ఇంకా నల్లవే. ఒక పాతికేళ్ళకి ఎలా ఉంటానో చూసుకున్నట్టయింది. వాలుకి గీశాను. గడ్డానికి ఎడమపక్కకి వచ్చేసరికి వేలికి సుడి తగిలింది. నువ్వు రాసిన చోటే. అడ్డంగా పోయాను. ఒక్క గాటు పడలేదు.

అక్కడ గీయాలంటే గడ్డం పట్టుకోవాలి కదా. పట్టుకున్నాను. ఇరవై ఏడేళ్ళకి అదే మొదటిసారి. చెయ్యి తోసెయ్యలేదు. ఆస్పత్రిలో అన్న మాటకి క్షమించమ్మా అన్నాను. గడ్డం పట్టుకుని బతిమాలాను. చిన్నప్పుడు అలా అడిగి ఉంటే ఏమనేదో నాకు తెలియదు, ఇంక తెలియదు.

నువ్వు నేరమంతా నీ నెత్తినేసుకుంటున్నావు. పది సిట్టింగులన్న మాట నాది మామయ్యా. చర్మానికి ఏమీ కాదన్న మాట కూడా నాదే. నీది పొరపాటు, నాది అబద్ధం. రెండిటికీ తేడా ఉంది, అది నాకు ప్రతి పొద్దునా అద్దంలో కనిపిస్తుంది.

గుంపులో రోజూ అడుగుతున్నారు, రెండోపూటా, ఎక్కడున్నావు అని. పటికబెల్లం మూడుసార్లు రాసింది. అక్కడ ఏ సంగతైనా చెప్పుకోవచ్చునని నేనే కొత్తవాళ్ళకి చెప్పేదాన్ని. ఇంతవరకూ ఏమీ రాయలేదు. ఇది అమ్మ సంగతి, నాది కాదు.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. నేను తలుపు తీశాక ఆడవాళ్ళు లోపలికి వచ్చారు కదా. టీచరమ్మ అమ్మ మొహం తుడుస్తూ ఆగిపోయింది. వేళ్ళతో ఎడమచెంప తడిమి చూసింది. “ఇన్నేళ్ళొచ్చినా ఎంత నున్నగా ఉందో చూడు, పసిపిల్ల మొహంలా” అంది. అందరూ నావైపు చూశారు. నేను పొద్దున గీసుకోలేదు, మాస్కు లేదు, నా గడ్డం అందరికీ కనిపిస్తూనే ఉంది.

“అవునండీ” అన్నాను. “మా అమ్మ వైపు ఎవరికీ లేదు. నాకు మా నాన్న వైపు నుంచి వచ్చింది.”

నీ కత్తి నా దగ్గరే ఉంది. అడగకు.

ఎలకపిల్ల